చేతిలో ఉన్న మనిషి: ఆశ్రమ సంరక్షణలో నర్సింగ్ అసిస్టెంట్ల చట్టపరమైన, నైతికమైన బాధ్యతలు

(స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)

1. నివాసి, సహాయకురాలు

రోగి ఆసుపత్రికి నయం చేయించుకుని వెళ్ళిపోవడానికి వస్తాడు. నివాసి ఉండిపోవడానికి వస్తాడు. వృద్ధాశ్రమం, దీర్ఘకాల రోగుల ఆశ్రయం, దివ్యాంగుల వసతిగృహం, మతిమరుపు జబ్బు ముదిరినవారిని చూసుకునే ఇల్లు ఇవన్నీ నివాసులు ఉండే చోట్లే. లేవడానికీ కూర్చోవడానికీ, తినడానికీ కడుక్కోవడానికీ ఇక్కడివారు మరొకరి చేతి మీద ఆధారపడతారు. ఆ చెయ్యి నర్సింగ్ అసిస్టెంటుది. ఆమెను ఆసుపత్రి అలవాటున్నవాళ్ళు ఆయా అంటారు, ఏజెన్సీ కాగితాల్లో అటెండెంటు అనో కేర్‌టేకర్ అనో రాస్తారు. శిక్షణ సర్టిఫికెట్టు మీద జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ఉంటుంది. మంచం మీది మనిషి మాత్రం సిస్టర్ అని పిలుస్తుంది. పేరు ఏదైనా పని ఒకటే. పళ్ళు తోమించడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, మలమూత్రాలు ఎత్తడం, పక్కకు తిప్పడం, నడిపించడం, ఏదైనా తేడా కనిపిస్తే నర్సుకు చెప్పడం.

నివాసి ఉండే గది నివాసి ఇల్లు. అసిస్టెంటు డ్యూటీకి వచ్చేది మరొకరి ఇంట్లోకి. ఆమె నైతిక బాధ్యతల్లో చాలా భాగం ఈ ఒక్క మాటలోంచే పుడతాయి. తలుపు తట్టడం, చెప్పి ముట్టుకోవడం, వస్తువులు అడిగి తీయడం వంటివి ఎవరైనా పరాయి ఇంట్లో పాటించే మర్యాదలే.

ఈ ఉపన్యాసం జరుగుతున్న తిరునిన్రవూరు చెన్నై నుంచి అరక్కోణం వెళ్ళే రైలు మార్గంలో, ఆవడికీ తిరువళ్ళూరుకూ నడుమ ఉంది. శ్రీదేవి వచ్చి నిలిచిన ఊరని ఆ పేరుకు అర్థం చెబుతారు. అక్కడి భక్తవత్సల పెరుమాళ్ కోవెలలో అమ్మవారి పేరు ‘ఎన్నై పెట్ర తాయార్’, అంటే నన్ను కన్న తల్లి. 1997లో చెంగల్పట్టు నుంచి విడిపడి ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో తమిళం, తెలుగు కలిసి వినిపిస్తాయి. జిల్లాలోని తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవారు 8.6 శాతం ఉంటే తమిళనాడులో 10.4 శాతం ఉన్నారు. పిల్లలు దూరదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న కుటుంబాలు పెరిగేకొద్దీ కన్నబిడ్డలు చేయవలసిన పని జీతానికి కుదిరిన చేతుల్లోకి వస్తోంది. ఆ చేతులను చట్టం ఎలా చూస్తుంది, నీతి వాటి నుంచి ఏం కోరుతుంది అన్నది ఇక్కడి విషయం.

2. పేరు లేని రిజిస్టరు

నర్సుకు రిజిస్టరు ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1926 నాటి నర్సులు, మంత్రసానుల చట్టం, దేశం మొత్తానికి 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం ఆ వృత్తికి హద్దులు గీశాయి. రెండేళ్ళ ఏఎన్ఎం, మూడేళ్ళ జీఎన్ఎం, నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చదివినవారి పేర్లు రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్లో ఎక్కుతాయి. తప్పు చేస్తే కౌన్సిల్ ఆ పేరు కొట్టేయగలదు. నర్సింగ్ అసిస్టెంటుకు అలాంటి పట్టిక లేదు. హెల్త్‌కేర్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ నడిపే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సులు ఉన్నాయి, వాటికి సర్టిఫికెట్లూ ఇస్తారు. అయితే సర్టిఫికెట్టు నేర్చుకున్నదానికి రుజువు మాత్రమే. అది వృత్తి చేయడానికి లైసెన్సు కాదు.

అమెరికాలో 1987 నాటి నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం మరో దారి పట్టింది. నర్సింగ్ హోమ్‌లో పనిచేసే నర్స్ ఎయిడ్‌కు కనీసం 75 గంటల శిక్షణ, పరీక్ష, ఆ తర్వాత ఏటా కనీసం 12 గంటల పునశ్చరణ తప్పనిసరి చేసింది. ప్రతి రాష్ట్రం ఎయిడ్ల రిజిస్టరు నడపాలి. నివాసిని కొట్టినట్టో, సొమ్ము కాజేసినట్టో తేలితే ఆ సంగతి రిజిస్టర్లో పేరు పక్కనే రాస్తారు. కొత్త చోట ఉద్యోగం ఇచ్చేవారు ముందుగా అది చూడాలి. ఇక్కడ ఆ ఏర్పాటు లేనందువల్ల, ఒక ఆశ్రమంలో చెయ్యి చేసుకుని పోయిన మనిషి మరో ఆశ్రమంలో కొత్త మనిషిగా చేరిపోవచ్చు.

రిజిస్టరు లేనంత మాత్రాన చట్టానికి అసిస్టెంటు కనబడకుండా పోదు. చట్టం ఆమె చదువు గురించి అడగదు. నిస్సహాయుడైన మనిషి ఆ సమయంలో ఎవరి చేతిలో ఉన్నాడని అడుగుతుంది.

3. చట్టం చెప్పే మాట

ఈ వృత్తికి అచ్చంగా సరిపోయే సెక్షన్ ఒకటి 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. చిన్నతనం వల్ల గానీ, మతి స్థిమితం లేక గానీ, జబ్బు వల్ల, ఒంటి బలహీనత వల్ల గానీ తన్ను తాను కాపాడుకోలేని మనిషిని చూసుకుంటానని చట్టబద్ధంగా ఒప్పుకుని, కావాలని ఆ పని మానేయడం నేరమని 491వ సెక్షన్ చెప్పింది. అప్పట్లో జరిమానా గరిష్ఠంగా రూ.200. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 357వ సెక్షన్ అయింది. మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చెప్పకుండా నైట్ డ్యూటీ మధ్యలో గేటు దాటి వెళ్ళిపోవడాన్ని క్రమశిక్షణ తప్పడంగా మాత్రమే చూసేవారు ఈ సెక్షన్ చదవాలి.

నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ వర్తిస్తుంది. గరిష్ఠ శిక్ష ఐదేళ్ళ జైలు, జరిమానా. చికిత్స చేస్తూ జరిగిన మరణానికి రిజిస్టరయిన వైద్యుడికి మాత్రం ఆ గరిష్ఠాన్ని రెండేళ్ళకు తగ్గించారు. ఆ తగ్గింపు నర్సుకూ లేదు, అసిస్టెంటుకూ లేదు. ప్రాణం పోకపోయినా ఎదుటివారి భద్రతను లెక్కచేయని పనికి 125వ సెక్షన్ ఉంది.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం బిడ్డల కోసమే అనుకోవడం అలవాటు. దాని 24వ సెక్షన్ అంతకన్నా వెడల్పు. వృద్ధుల సంరక్షణ చూస్తున్నవారు ఎవరైనా సరే, వారిని పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ చట్టాన్ని సవరించి వృద్ధుల ఆశ్రమాలకూ, ఇంటి వద్ద సంరక్షణ సేవలకూ రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు పెట్టాలని 2019 డిసెంబరులో బిల్లు లోక్‌సభకు వచ్చింది. అది చట్టం కాలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా కఠినం. దాని 92వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి. తన అధీనంలో ఉన్న దివ్యాంగులకు తెలిసి తెలిసి తిండి, నీళ్ళు ఇవ్వకపోవడం, వారి అవయవానికో, ఊతకర్రకో, చక్రాల కుర్చీకో, వినికిడి యంత్రానికో కావాలని హాని చేయడం, నలుగురిలో అవమానించడం ఈ సెక్షన్ కిందికే వస్తాయి.

4. నిర్లక్ష్యం ఎవరిది?

నర్సింగ్ అసిస్టెంటు చేయకూడని పనుల జాబితా చేయదగ్గ పనుల జాబితా అంత ముఖ్యమైనది. నరానికి సూది వేయడం, ఇన్సులిన్ మోతాదు మార్చడం, మూత్రనాళంలోకి క్యాథెటర్ ఎక్కించడం, ముక్కు గొట్టం వేయడం ఆమె శిక్షణలో లేనివి. బీపీ ఎక్కువగా ఉందని మాత్ర మార్చడం, లోతైన పుండుకు కట్టు కట్టడం కూడా అంతే. “నర్సు లేదు, నువ్వే వేసెయ్” అని సూపర్‌వైజరు చెప్పినా ఆ బాధ్యత ఆమె తలకే చుట్టుకుంటుంది. వద్దని చెప్పడం ఎదురు తిరగడం కాదు, అది ఆమె డ్యూటీలో భాగం.

స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన తీర్పు ఈ హద్దు ఎందుకో చూపిస్తుంది. టైఫాయిడ్‌తో చేరిన పసివాడికి అర్హత లేని నర్సు నరానికి లారియాగో అనే మందు సూది ఇచ్చింది. బిడ్డ తల్లి ఒళ్ళోనే కుప్పకూలాడు, మెదడు దెబ్బతింది. బిడ్డకు రూ.12.5 లక్షలు, తల్లిదండ్రులకు రూ.5 లక్షలు పరిహారం ఖాయమైంది. అర్హత లేని మనిషిని పనిలో పెట్టినందుకు ఆసుపత్రే బాధ్యత వహించవలసి వచ్చింది. తీర్పులో రెండు పాఠాలు ఉన్నాయి. హద్దు దాటిన చెయ్యి తప్పించుకోలేదు, ఆ చేతిని పనిలో పెట్టిన యాజమాన్యమూ తప్పించుకోలేదు.

ప్రతి పొరపాటూ నేరం కాదు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు వైద్యుల విషయంలో ఆ గీత గీసింది. జైలుకు దారితీసే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలి, పరిహారంతో తీరే నిర్లక్ష్యం అంతకన్నా తక్కువ స్థాయిది. ఆశ్రమంలో సాధారణంగా వచ్చే ప్రశ్న చిన్నదిగానే ఉంటుంది. తడి నేల తుడవకపోతే నివాసి జారి తుంటి ఎముక విరిగింది. మంచం పక్క కడ్డీ ఎత్తలేదు. వీల్‌చైర్‌కు బ్రేకు వేయకుండా లేపారు. ఇలాంటి చోట న్యాయస్థానం అడిగేవి నాలుగు ప్రశ్నలు. ఆ మనిషిని చూసుకునే బాధ్యత ఆమెదేనా, ఆ బాధ్యతలో లోపం జరిగిందా, హాని జరిగిందా, హాని ఆ లోపం వల్లేనా.

పడిపోయిన నివాసిని చూడగానే రెక్క పట్టి లేపాలనిపిస్తుంది. అదే పెద్ద తప్పు. కదిలించకుండా పక్కన కూర్చుని, మాట్లాడిస్తూ, నర్సును పిలవాలి. తల తగిలిందా, కాలు పొట్టిగా గానీ బయటికి తిరిగి గానీ ఉందా అని చూడాలి. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయాలి.

5. నీళ్ళ గ్లాసు, పక్క మార్పు

తిరువళ్ళూరు కత్తిరి ఎండల్లో సాయంత్రం నాలుగింటికి నీళ్ళ గ్లాసు నివాసి చేతికి అందుతుందా లేదా అన్నది ఒక ఆశ్రమం నీతిని కొలిచే సులువైన కొలత. పక్షవాతంతో పడుకున్న మనిషికి సాయంత్రం నీళ్ళు ఇస్తే రాత్రి డైపర్ రెండుసార్లు మార్చాలి. ముప్ఫై మందికి ఇద్దరే ఉన్న షిఫ్టులో ఆ రెండుసార్లు బరువైన లెక్క. అందుకని నీళ్ళు తగ్గించే అలవాటు మెల్లగా మొదలవుతుంది. దాన్ని ఎవరూ క్రూరత్వం అనుకోరు, పని సర్దుబాటు అనుకుంటారు. ఒంట్లో నీరు తగ్గితే నాలుక పిడచకట్టుకుపోతుంది, మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ వస్తుంది, ముసలితనంలో మతి తప్పుతుంది. మతి తప్పిన మనిషి అరిస్తే నిద్రమాత్ర అడుగుతారు. ఇదంతా మొదలయింది ఒక గ్లాసు నీళ్ళ దగ్గర. దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్‌లో తిండి, నీళ్ళు అన్న మాట ఎందుకుందో ఈ వరుస చూస్తే తెలుస్తుంది.

తినిపించడం కూడా తొందర పనికిరాని పని. నివాసిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. ముందు ముద్ద మింగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పక్షవాతం వచ్చినవారికి పలచటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది గనుక, చిక్కగా ఇమ్మని నర్సు చెబితే చిక్కగానే ఇవ్వాలి.

పడక పుండు నిర్లక్ష్యం ఒంటి మీద పెట్టే సంతకం. పిరుదుల నడుమ, మడమల మీద, తుంటి దగ్గర చర్మం మొదట ఎర్రబడుతుంది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, చర్మం తడి లేకుండా ఉంచడం, దుప్పటి ముడతలు తీయడం, ఆ ఎరుపు చూసిన పూటే నర్సుకు చెప్పడం అసిస్టెంటు బాధ్యతలు. నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు. అక్కడ వేడి, గట్టితనం చేత్తో చూసి తెలుసుకోవాలి.

అరుణా శాన్‌బాగ్ కథ ఈ వృత్తికి రెండు వైపులా అద్దం. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఆమె మీద 1973 నవంబరు 27న అదే ఆసుపత్రి పారిశుధ్య కార్మికుడు దాడి చేశాడు. ఆమె మళ్ళీ తెలివిలోకి రాలేదు. 2015 మే 18న చనిపోయేదాకా ఆ ఆసుపత్రి నర్సులూ సిబ్బందీ వంతులవారీగా ఆమెను చూసుకున్నారు. అన్నేళ్ళు మంచం మీద ఉన్నా పడక పుండు పడనివ్వని సంరక్షణ 2011లో సుప్రీంకోర్టు విచారణలో ప్రశంస పొందింది. ఆమె తరఫున నిర్ణయం కోరే హక్కు కూడా ఆ సిబ్బందికే ఉందని కోర్టు గుర్తించింది. ఒకే ఆసుపత్రిలో ఒక సిబ్బంది చెయ్యి ఆమె బతుకు చెరిపేసింది. మిగతా చేతులు నలభై ఏళ్ళకు పైగా ఆ ఒంటిని కాపాడాయి.

6. అడగడం, వినడం

తెల్లవారుజామున ఐదింటికి దుప్పటి లాగి “లే అవ్వా, స్నానం” అనడం చాలా చోట్ల మామూలు. అవ్వ, తాత, అమ్మమ్మ అని పిలవడంలో ఆప్యాయత ఉంది. వరస కలిపి పిలిచినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. మా అమ్మలాంటిదే కదా అన్న మాట, ఆమె వద్దన్నా చేసేయడానికి సాకుగా మారిపోగలదు. కన్నతల్లి పేరుతో అమ్మవారు వెలసిన తిరునిన్రవూరులో ఈ తేడా గుర్తుంచుకోవడం మరీ అవసరం. తల్లి అనడం సంబంధం. ఏ నీళ్ళు కావాలి, ఎప్పుడు చేస్తారు, ఏ చీర కడతారు అని అడగడం గౌరవం. ఈ వృత్తి రెండోది కోరుతుంది.

మతి సరిగా ఉన్న నివాసికి వద్దనే హక్కు ఉంది. స్నానం వద్దనవచ్చు, మాత్ర వద్దనవచ్చు, అన్నం వద్దనవచ్చు. అప్పుడు అసిస్టెంటు పని బలవంతం చేయడం కాదు, కారణం తెలుసుకోవడం, కాసేపయ్యాక మళ్ళీ అడగడం, నర్సుకు చెప్పడం, రాయడం. మాత్ర పొడి చేసి ఇడ్లీలో కలిపి తెలియకుండా పెట్టడం మోసం. డాక్టరు, కుటుంబం కలిసి నిర్ణయించి కాగితం మీద పెట్టకుండా అసిస్టెంటు సొంతంగా ఆ పని చేయకూడదు. కొన్ని మాత్రలు పొడి చేస్తే పనిచేసే తీరే మారిపోతుంది.

వినడానికి ముందు భాష ఉంది. మతిమరుపు ముదిరిన మనిషికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగలడం తరచూ కనిపిస్తుంది. యాభై ఏళ్ళు తమిళంలో సంసారం చేసిన తిరుత్తణి ముసలమ్మ చివరికి తెలుగే మాట్లాడవచ్చు. తమిళంలో కాదు అంటే చెవి. స్నానం వేళ ఆమె కాదు కాదు అంటే, తమిళం మాత్రమే తెలిసిన అసిస్టెంటు చెవి నొప్పి అనుకోవచ్చు. తమిళంలో పడు అంటే పడుకో. ఆమె పడతా పడతా అని భయపడుతుంటే పడుకుంటానంటోంది అనుకోవచ్చు. తమిళ తాత వలిక్కిదు అంటే నొప్పి పుడుతోందని తెలుగు అసిస్టెంటుకూ తెలియాలి. నొప్పి, దాహం, ఒంటికి, రెంటికి, భయం, చలి, వద్దు అన్న మాటలు రెండు భాషల్లోనూ రాసి మంచం తలవైపు అంటించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అర్థం కాని అనుమతి అనుమతి కాదు.

7. కట్టేయడం

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగుల ఆశ్రయం ఒకటి అంటుకుంది. గొలుసులతో కట్టి ఉన్నవారు పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 95వ సెక్షన్‌లో ఏ రూపంలోనైనా గొలుసు వేయడాన్ని నిషేధించింది. 97వ సెక్షన్ ఒంటరి నిర్బంధాన్ని నిషేధించి, కట్టేయడానికి గట్టి హద్దులు పెట్టింది. వెంటనే జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, బాధ్యుడైన మానసిక వైద్యుడి అనుమతితోనే, అవసరమైనంత సేపే కట్టాలి. ఎలా, ఎందుకు, ఎంతసేపు అన్నది వెంటనే రాయాలి. 24 గంటల్లోగా రోగి నియమించుకున్న ప్రతినిధికి తెలపాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది చాలలేదన్న కారణంతో కట్టకూడదు.

ఈ సెక్షన్లు మానసిక ఆరోగ్య సంస్థల కోసం రాసినవి. మామూలు వృద్ధాశ్రమంలో అనుమతి లేకుండా చేతులు మంచానికి కట్టినా, గదికి బయటి గడియ పెట్టినా న్యాయ సంహితలోని 126, 127 సెక్షన్ల ప్రశ్న వస్తుంది. అవి అక్రమ నిరోధం, అక్రమ నిర్బంధం గురించినవి. లేవలేని కుర్చీలో ఇరికించడం, నడిచే మనిషి వాకర్ దాచేయడం, నిద్రమాత్రతో మత్తులో ఉంచడం కూడా కట్టేయడంలో రకాలే. చీర కొంగుతో కుర్చీకి ముడి వేస్తే తాడు కనబడదు గానీ ముడి ముడే.

సాయంత్రం వేళ తిరుగుతూ గోల చేసే నివాసి ఏదో వెతుక్కుంటోంది. అది బాత్రూము కావచ్చు, ఆకలి కావచ్చు, మూత్రం పట్టేసి కావచ్చు, ఎప్పుడో పోయిన భర్త కోసం కావచ్చు. పక్కన కాసేపు నడవడం, దీపం ముందే వేయడం, చేతికి మడత పెట్టే బట్టలు ఇవ్వడం తాడు కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

8. రహస్యం, ఫోను, సొమ్ము

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో చెప్పింది. ఆశ్రమంలో ఆ హక్కు తెర రూపంలో ఉంటుంది. డైపర్ మార్చేటప్పుడు తెర లాగడం, స్నానం చేయించేటప్పుడు కడిగే భాగం తప్ప మిగతా ఒళ్ళు కప్పడం, మగ నివాసులు, ఆడ నివాసుల విషయంలో ఎవరు ఎవరికి చేయాలన్నది వారి ఇష్టం అడిగి నిర్ణయించడం ఇందులోకి వస్తాయి. స్నానం వేళ ఫోనుతో ఫొటో తీయడం తమాషా కాదు. అనుమతి లేకుండా రహస్యాంగాల చిత్రం తీస్తే సమాచార సాంకేతిక చట్టం 66ఈ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. స్త్రీ విషయంలో న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. పుట్టినరోజు కేకు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికైనా నివాసినే అడగాలి, మతి లేకపోతే కుటుంబాన్ని అడగాలి. ఎవరికి ఏ జబ్బో పక్క మంచం వారి చుట్టాలకు చెప్పకూడదు. హెచ్ఐవీ ఉందన్న సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం ప్రత్యేకంగా నిషేధించింది.

సొమ్ము దగ్గర నియమం సూటిగా ఉండాలి. నివాసి పర్సు, ఏటీఎం కార్డు, పిన్ నంబరు, చెవి కమ్మలు అసిస్టెంటు దగ్గర ఉండకూడదు. చేరిన రోజే ఇద్దరి ఎదుట నగల పట్టీ రాయాలి. పండక్కి వంద రూపాయలు చేతిలో పెడితే తిరస్కరించడం మనసు నొప్పించేదిగా ఉండవచ్చు. అలాంటప్పుడు ఆశ్రమం పుస్తకంలో రాయించి తీసుకునే పద్ధతి అందరికీ మేలు. అప్పు తీసుకోవడం మాత్రం ఏ పద్ధతిలోనూ కుదరదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించడంలోనూ, వీలునామా రాయించడంలోనూ అసిస్టెంటు చెయ్యి పెట్టకూడదు. మోసంతో గానీ, బలవంతంతో గానీ, కాదనలేనంత ఒత్తిడితో గానీ రాయించిన వీలునామా చెల్లదని 1925 నాటి భారత వారసత్వ చట్టం 61వ సెక్షన్ చెబుతుంది. రోజూ అన్నం పెట్టే చెయ్యి అడిగితే కాదనలేకపోవడం కూడా ఒక ఒత్తిడే.

9. చివరి రోజులు

గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమని 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి, ముందస్తు వైద్య నిర్దేశాలకు అనుమతి ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. నిర్దేశం ఉందా, దాన్ని ఎలా అమలు చేయాలి అన్నది వైద్యుల బోర్డుల పని. అసిస్టెంటు పని అది ఉందో లేదో నర్సును అడిగి తెలుసుకోవడం, సొంత అభిప్రాయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళడమో మానడమో చేయకపోవడం. చికిత్స ఆపినా సంరక్షణ ఆగదు. పెదాలు తడపడం, పక్క మార్చడం, చెయ్యి పట్టుకోవడం, బంధువులు వచ్చేదాకా ఆ మనిషిని ఒంటరిగా వదలకపోవడం చివరి క్షణం దాకా ఉంటాయి. ప్రాణం పోయిందని నిర్ణయించేది వైద్యుడు. ఆ తర్వాత ఒంటి మీది నగలు ఇద్దరి ఎదుట పట్టీతో సరిచూసి అప్పగించాలి. నీళ్ళు పోసే పద్ధతి, బొట్టు, ముఖం ఏ దిక్కుకు అన్నవి ఆ కుటుంబాన్ని అడిగి చేయాలి.

10. రాయడం, చెప్పడం

చార్టు న్యాయస్థానంలో మొదటి సాక్షి. ఎన్ని గంటలకు పక్క మార్చారు, ఎన్ని మిల్లీలీటర్ల నీళ్ళు తాగింది, యూరిన్ బ్యాగ్‌లో ఎంత చేరింది, ఎక్కడ ఎర్రబడింది అన్నవి చేసిన వెంటనే రాయాలి. తెల్లవారి హ్యాండోవర్‌కు ముందు కూర్చుని రాత్రంతా ఒకే సిరాతో, ఒకే ఊపులో రెండు గంటలకొకటి చొప్పున గళ్ళు నింపేస్తే చూసేవారికి తెలిసిపోతుంది. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి, దిద్దే మందు పూయకూడదు. “బాగుంది” అని రాయడం కన్నా “సగం ఇడ్లీ తింది, పిలిస్తే పలికింది” అని రాయడం మేలు.

తిరునిన్రవూరుకు పూసలార్ నాయనారు కథ సొంతం. గుడి కట్టించే స్తోమత లేక ఆయన మనసులోనే ఇటుక మీద ఇటుక పెట్టి శివుడికి ఆలయం కట్టాడు. కంచిలో పల్లవ రాజు కట్టిన రాతి గుడికి ప్రతిష్ఠ పెట్టుకున్న రోజునే ఆయనా ముహూర్తం పెట్టుకున్నాడు. ఆ రోజు పూసలార్ గుడికి వెళుతున్నాను, నీ ముహూర్తం మార్చుకో అని శివుడు రాజు కలలో చెప్పాడని పెరియపురాణం కథ. ఊళ్ళోని హృదయాలీశ్వరర్ కోవెల ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. రాత్రి మూడింటికి ఎవరూ చూడని గదిలో పక్క మార్చిన చెయ్యి కూడా కనబడని గుడే కడుతోంది. అయితే పూసలార్ గుడికి దేవుడు సాక్షి. అసిస్టెంటు పనికి ఉదయం వచ్చే నర్సు సాక్షి కావాలి, ఆమెకు చార్టు కావాలి. చేసినది రాయాలి. రాసినంత మాత్రాన చేసినట్టు కాదు.

తోటి ఉద్యోగి నివాసిని గిచ్చినా, తిట్టినా, ఆకలితో ఉంచినా చూసి ఊరుకోవడం తటస్థంగా ఉండడం కాదు. మొదట నర్సు ఇన్‌ఛార్జికి, తర్వాత నిర్వాహకులకు, అక్కడా పలక్కపోతే బయటికి చెప్పాలి. వృద్ధులకు దేశమంతటా 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ప్రాణాపాయమైతే 112, అంబులెన్సుకు 108. దివ్యాంగుల మీద హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు చెప్పవచ్చని 2016 చట్టం 7వ సెక్షన్ అంటుంది. నివాసి పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డ అయి, లైంగిక హింస జరిగితే చెప్పడం ఇష్టం మీద లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెప్పితీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది.

11. ఆశ్రమం బాధ్యత

అలసిన చెయ్యి మెత్తగా ఉండదు. పన్నెండు గంటల షిఫ్టుకు షిఫ్టు కలిపి చేయిస్తూ, ఇద్దరితో ముప్ఫై మందిని తిప్పించమంటూ, చేతి తొడుగులకు లెక్క పెట్టే యాజమాన్యం పడక పుండుకు అసిస్టెంటును మాత్రమే తప్పుపట్టలేదు. చేర్చుకునేముందు పోలీసు విచారణ, ముందు పనిచేసిన చోట వాకబు, పని మొదలుకాకముందే శిక్షణ, హెపటైటిస్ బి టీకా, రాతలో ఉన్న విధుల పట్టీ, రాత్రి పిలిస్తే పలికే నర్సు ఆశ్రమం ఇవ్వవలసినవి. పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువ ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. నివాసి గానీ నివాసి కొడుకు గానీ చెయ్యి వేసినా, సర్దుకుపో అనడం సంరక్షణ సంస్థ అనవలసిన మాట కాదు.

రిజిస్టరు లేని వృత్తికి ఆశ్రమం నడిపే హాజరు పుస్తకమే రిజిస్టరు. ఏదైనా జరిగాక మనిషి ఎవరి చేతిలో ఉన్నాడని చట్టం అడుగుతుంది. ఆ ప్రశ్నను ఆశ్రమం ముందే వేసుకోవాలి. ప్రతి షిఫ్టు మొదట్లో బోర్డు మీద ఏ మంచం ఎవరిదో, ఆ మంచం ఈ పూట ఎవరి చేతిలో ఉందో పేరుతో సహా రాసి ఉంచాలి.